461 పేజీలు ఎవరి కోసం?



2011 జనవరి 6న శ్రీకృష్ణ కమిటీ నివేదికను కేంద్ర హోంశాఖ బయటపెట్టింది. ప్రధాన సంపుటమే 461 పేజీలు. తెలంగాణ కావాలన్నవాళ్లూ సమైక్యంగా ఉండాలన్నవాళ్లూ ఆ రోజు నుంచే దాని మీద హోరాహోరీగా వాదించుకున్నారు. వాళ్లలో దాన్ని తెరిచి చదివినవాళ్లు ఎందరు? ఎక్కువమందికి తెలిసింది పత్రికల్లో వచ్చిన ఆరు ప్రత్యామ్నాయాలే. అసలు తగవంతా ఉన్నది నీళ్ల మీద నాలుగో అధ్యాయంలో, ఉద్యోగాల మీద ఐదో అధ్యాయంలో, హైదరాబాద్ మీద ఆరో అధ్యాయంలో.

జనానికి ఓపిక లేదని తీసిపారేయడం తేలిక. నేను సింగపూర్ సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఇక్కడ ఆఫీసు లైన్ మీద ఎంత పెద్ద ఫైలైనా క్షణాల్లో దిగుతుంది. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్నవాళ్లకు దిక్కు గంటకింత అని డబ్బు తీసుకునే నెట్ సెంటర్. ఇప్పుడు చేతిలో ఫోనుంది, కానీ రోజుకింత డేటా అనే లెక్క కూడా ఉంది. ఒక్క పేజీ అడిగినవాడి నెత్తిన బీరువా పెడితే ఎవరు మోస్తారు?

దీనికి మందు పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు.

మొదటిది, స్కానింగ్ మానాలి. కంప్యూటర్‌లో టైపు చేసిన కాగితాన్నే ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కిస్తుంటారు. దాంతో ప్రతి పేజీ ఒక ఫొటో అవుతుంది. ఫైలు ఎన్నో రెట్లు పెరుగుతుంది, అందులో మాట వెతకలేం, చూపు లేనివాళ్లకు కంప్యూటర్ చదివి వినిపించలేదు. తెలుగైతే పాత ఫాంట్లు వదిలి యూనికోడ్‌లో ఉండాలి.

రెండోది, పిడిఎఫ్‌ను లీనియరైజ్ చేయాలి. మామూలుగా ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టిక ఫైలు చివర ఉంటుంది. లీనియరైజ్ చేస్తే మొదటి పేజీకి కావలసినదంతా ముందుకొస్తుంది. సర్వర్ కూడా ఫైలును ముక్కలుగా ఇవ్వగలిగితే, 200వ పేజీ అడిగినవాడికి ఆ ముక్కే వెళుతుంది. క్యూపీడీఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇది ఒక్క కమాండ్ పని.

అయితే చాలా ఫోన్లు ఎలాగూ ఫైలు మొత్తం దించుకున్నాకే తెరుస్తాయి. అందుకే మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అధ్యాయాలుగా విడగొట్టి, మామూలు వెబ్ పేజీలుగా పెట్టి, ప్రతి లింకు పక్కన సైజు రాయాలి. ముక్కలు చేస్తే సందర్భం పోతుందని కొందరంటారు. పూర్తి ఫైలు కూడా పక్కనే ఉంచితే ఆ భయం ఉండదు.

సింగపూర్ ప్రభుత్వ చట్టాల సైట్‌లో కావలసిన భాగం ఒక్కటే తెరవొచ్చు, మొత్తమూ తెరవొచ్చు. మన ఇండియా కోడ్ సైట్ కూడా చట్టాలను సెక్షన్లవారీగా చూపిస్తుంది. 108 సెక్షన్లున్న 2014 పునర్విభజన చట్టంలో ఒక్క సెక్షన్‌ను వేలుపెట్టి చూపగలం. ఆ మర్యాద నివేదికలకూ జీవోలకూ ఎందుకు దక్కదు? 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడుగుతున్నదీ అదే: ప్రజలకు సులువుగా అందే రూపంలో సమాచారం ఇవ్వాలి. సైట్‌లో పడేసి చేతులు దులుపుకుంటే అందినట్టు కాదు.

కృష్ణా నీళ్ల తగవు ఇంకా తెగలేదు. రేపు తీర్పు వస్తే మళ్లీ వందల పేజీలొస్తాయి. వాటిని రైతు తన ఫోన్‌లో చదవలేకపోతే, అందులో ఏముందో నాయకులు చెప్పిందే వేదమవుతుంది. రెండు రాష్ట్రాలవాళ్లమూ ఇక్కడ ఇదే పని చేసి బతుకుతున్నాం. శాఖలకు ఉత్తరం రాసేటప్పుడు ఈ మూడు మాటలూ రాయండి. వాళ్లు చేయకపోతే ఆ బహిరంగ పత్రాలను విడగొట్టి, మూలం లింకుతో సహా మనమే పెడదాం. ఎవరు ఏ పక్షమైనా సరే, ముందు చదివి వాదిద్దాం.