మాల వేసుకున్న మనిషిని అడగరేం?

కార్తీకం వస్తే మన ఊళ్ళలో ఓ వింత చూస్తాం. భార్య ఏడ్చినా, తల్లి కాళ్ళావేళ్ళా పడ్డా, పెద్దమనుషులు కూర్చుని తిట్టినా మందు మానని మనిషి, మెడలో అయ్యప్ప మాల పడ్డ రోజున మానేస్తాడు. 41 రోజులు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, సాయంత్రమైతే భజన. నిన్నటిదాకా అతని అడుగుల చప్పుడుకే వణికిన పిల్లలు ‘స్వామీ’ అని పిలుస్తారు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీశాక మళ్ళీ సీసా పట్టేవాళ్ళూ బోలెడుమంది.

అదే కుటుంబం కౌన్సెలింగ్‌కు వెళ్తుంది. ఎంత తాగుతాడు, చెయ్యి చేసుకుంటాడా, అప్పులెన్ని అని అన్నీ అడుగుతారు. మతం అన్న గడిలో టిక్కు పెట్టి దేవుడి పని అయిపోయిందనుకుంటారు. ఆ ఇల్లు ప్రశాంతంగా నిద్రపోయిన 41 రోజుల ఊసే ఎత్తరు! సాయంత్రం షాపు వేళకి అతన్ని ఆపిందేమిటి? గురుస్వామి మీద గౌరవమా, తోటి స్వాముల తోడా, ఇంట్లో దొరికిన మర్యాదా? మాల తీసిన మర్నాడు వీటిలో ఏది పోయింది? చికిత్సకు ఇంతకన్నా పనికొచ్చే సంగతులేముంటాయి?

మాల పేరెత్తితే పెదవి విరిచేవాళ్ళే ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు వెళ్ళమంటారు. మంచిదే. కానీ 1935లో అమెరికాలో పుట్టిన ఆ సంఘం చెప్పే పన్నెండు మెట్లలో సగం దైవాన్ని తలిచేవే. అక్కడి దేవుడు ఆధునికుడు, మన స్వామి మూఢనమ్మకమా? అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం 1994లోనే మత, ఆధ్యాత్మిక సమస్యలకు విడిగా చోటిచ్చింది. మనవాళ్ళకి మాత్రం ఇంకా మొహమాటం.

ఈ మొహమాటం వెనకున్న భయానికి కారణం లేకపోలేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ఆశ్రయాల్లో ఒకటి అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు కాలిపోయారు. నమ్మకాన్ని గాలికి వదిలేస్తే ఏమవుతుందో చెప్పిన ఘోరమది. మరుసటి ఏడాదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరో సంగతి వచ్చింది. అదే రాష్ట్రంలో ఒక గుడిలో ఇంటివాళ్ళ తోడుతో ఉన్న 31 మంది మానసిక రోగులకి మందుల్లేకుండానే లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గిందట. చిన్న అధ్యయనం, పోల్చి చూడ్డానికి మరో బృందం లేదు. గుళ్ళే ఆసుపత్రులని నేననను. అడక్కపోతే ఏ గుడి మేలు చేస్తోందో, ఎక్కడ గొలుసులున్నాయో తెలిసేదెలా?

నమ్మకమే గొడవైన ఇళ్ళూ ఉన్నాయి. అత్త వరలక్ష్మీ వ్రతం చేస్తుంది, కోడలు ఆదివారం ప్రార్థనకు వెళ్తుంది. పోట్లాట వంట దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది. కౌన్సెలర్ వంటింటి దగ్గరే ఆగిపోతే, ఆ అమ్మాయి మెడలో శిలువ గురించి ఎవరు మాట్లాడాలి?

ఇంకో మాట. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మాల వేసుకోబోయేవాడికి ముందే డాక్టరు సాయం కావాలి. అందుకే కౌన్సెలర్లకు నా విన్నపం: తాగుడు బాధతో వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ఈ కార్తీకానికి ముందే అడగండి, ఈ ఏడు మాల వేసుకుంటున్నారా అని.