అవ్వనడిగితే తెలిసింది

బడి వెనక గుట్ట మీదికి పిల్లలే ఒక కాలిబాట వేసుకున్నారు. కంప కొట్టి, అటూ ఇటూ రాళ్లు పేర్చి, సున్నం పూశారు. దారిలో ఒకచోట చెదల పుట్ట అడ్డొచ్చింది. దాన్ని తవ్వెయ్యకుండా బాటనే కాస్త పక్కకు తిప్పారు. ఎవరూ చెప్పకుండానే వాళ్లకా ఆలోచన తట్టినందుకు ఎంత ముచ్చటేసిందో!

చెట్లకు పేర్లు రాసి కట్టాలనుకున్నప్పుడు అసలు కథ మొదలైంది. తంగేడు, మోదుగ అందరికీ తెలుసు. బలుసు, పరికి దగ్గర మాత్రం మాస్టార్లూ తడుముకున్నారు. పిల్లలు ఇళ్లకెళ్లి అవ్వలను అడిగారు. ఒక అవ్వయితే కర్ర పట్టుకుని తానే గుట్టెక్కి వచ్చింది. బండ మీద పాకిన తీగను చూడగానే గుర్తుపట్టింది. "ఇది నల్లేరు రా! లేత కణుపులే తుంచాల. చేతికి నూనె రాసుకుని నార తియ్యాల. బాగా వేయించకుంటే నాలుక దురద పెడతాది" అంటూ అక్కడే కూర్చుని పచ్చడి చేసే పద్ధతంతా చెప్పింది. పిల్లలు చుట్టూ చేరి విన్నారు.

మన ఇళ్లలో ఇలాంటి తెలివి ఎంతుందో! అడిగేవాళ్లు లేక అలా ఓ మూల కూర్చుని ఉంటుంది, అంతే.

బడులు తెరిచిన కొన్నాళ్లకే ఆరుద్ర కార్తె వస్తుంది. వాన వెలిశాక ఎర్రమట్టి మీద ముఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు తేలుతాయి. వేలు తగిలితే చాలు, కాళ్లు ముడుచుకుంటాయి. బాట మీద నడుస్తూ వాటి కోసం ముందు పిల్లాడు ఆగితే వెనకున్న వరసంతా ఆగిపోతుంది. ఆ ఆగడంలోనే ఎంతో చదువుంది.

తన చుట్టూ ఉన్న కొండల్ని ఇలాగే పట్టించుకున్న బడి ఇంకొకటుంది. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లెకు దగ్గర్లోనే ఆయన స్థాపించిన రిషివ్యాలీ బడి ఉంది. ఒకప్పుడు ఆ లోయ చుట్టూ బోడికొండలే. ఏళ్ల తరబడి మొక్కలు నాటి, వాననీటిని నిలిపితే పచ్చదనం తిరిగొచ్చింది. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. రాళ్ల గుట్టలను విడిచి ఉండని పసుపు గొంతు పికిలిపిట్టకు అదీ ఓ నెలవు. చెట్టు నాటిన పిల్లలు బడి వదిలి వెళ్లాక ఏ పిట్టో వచ్చి దానిపై వాలి ఉంటుంది.

ఈ గుట్ట బాట అంత పెద్దదేం కాదు. వానలు తగ్గేసరికి గడ్డి కమ్మేస్తుంది. పదో తరగతి వాళ్లు వెళ్తూ వెళ్తూ తొమ్మిదో తరగతి చేతికి కొడవళ్లు ఇచ్చిపోవాలి. పేరు కట్టని చెట్లు ఇంకా చాలానే ఉన్నాయి. అవ్వకు ఓపికున్నప్పుడే ఇంకోసారి పిలుచుకురావాలి.