కోడిపుంజు చేప ఫోటో కింద ఏం రాయాలి?

మన కోరాపుట్, రాయగడ ఇళ్ళల్లో సముద్రం అంటే ఇన్నాళ్ళూ రెండే గుర్తొచ్చేవి. ఒకటి విశాఖ బీచి, రెండోది సంతలో ఎండు చేపలు. ఇప్పుడు మూడోది వచ్చి చేరింది. విశాఖలో ఉద్యోగాలకి వెళ్ళిన మన పిల్లలు ఆదివారం పూట రుషికొండ దగ్గరో, మంగమారిపేట దగ్గరో, భీమిలి దగ్గరో స్కూబా డైవింగుకి దిగుతున్నారు. నీళ్ళ అడుగున తీసిన ఫోటోలు ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. అత్తయ్యలు దండం బొమ్మ పెడతారు, మావయ్యలు "జాగ్రత్తరా" అంటారు, ఎవరో ఒకరు "కూరకి పనికొస్తుందా?" అని అడుగుతారు. సాయంత్రానికి ఆ ఫోటో గుడ్ నైట్ మెసేజీల కింద పడిపోతుంది. మళ్ళీ ఎవరూ చూడరు.

ఆ ఫోటోలు అలా పోకూడదని నా అభిప్రాయం. అవి సరదాకి తీసినవే, కాదనను. కానీ ప్రతి ఫోటో కింద తేదీ, చోటు, లోతు, తెలుగు పేరు - ఈ నాలుగు ముక్కలు రాసి దాచితే అది రేపు ఇంకొకరికి పనికొస్తుంది. రాయకపోతే అది ఒక నీలం బొమ్మ, అంతే. దీనితో పాటు ఇంకో మాట కూడా చెప్పాలి. ఫోటో కోసం ఆ ప్రాణిని పీడించకూడదు.

తెలుగు పేరు ఎందుకు అంటారా? దానికి ఒక పాత కథ ఉంది.

1780ల్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు విశాఖపట్నం వచ్చాడు. అతని అన్నదమ్ముడు క్లాడ్ రస్సెల్ అప్పట్లో అక్కడ ఈస్టిండియా కంపెనీ తరఫున పెద్ద అధికారి. తరవాత పాట్రిక్ కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారే, అది ఈయన పేరే. పాముల మీద రాసిన పుస్తకంలో ఆ పాముకి 'కాటుక రేకుల పొడ' అనే మన పేరు ఎక్కించాడు. చేపల మీద ఆయన రాసిన పుస్తకం 1803లో లండన్లో రెండు సంపుటాలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలు అందులో ఉన్నాయి. లాటిన్ పేర్ల కోసం వెతుక్కోకుండా, ఎక్కువ చేపలకి అక్కడి వాళ్ళు పిలిచే పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాడు.

వాటిలో ఒక పేరు 'కోడిపుంగి'. పైకి చదివి చూడండి. కోడిపుంజే కదా! ఒళ్ళంతా చారలు, ఈకల్లా విచ్చుకున్న రెక్కలు, వీపు మీద నిక్కబొడుచుకున్న ముళ్ళు - దాన్ని చూసిన జాలరికి పందెం పుంజు గుర్తొచ్చి ఉంటుంది. ఇప్పుడు మన పిల్లలు 'లయన్ ఫిష్' అని ఫోటో పెట్టేది ఆ కుటుంబం చేపనే. ఆ జాతికి 1831లో రస్సెల్ పేరు మీదనే టెరోయిస్ రస్సెలీ అని శాస్త్రీయ నామం పెట్టారు. 1852లో బ్లీకర్ అనే డచ్చి డాక్టరు అదే చేపకి టెరోయిస్ కోడిపుంగి అని ఇంకో పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి రెండోది వాడుకలో నిలవలేదు. కానీ చేపల శాస్త్రం పట్టికల్లో పర్యాయ నామంగా ఇవాళ్టికీ ఉంది. ఎక్కడో జావాలో కూచున్న డచ్చి ఆయన మన కోడిపుంజుని లాటిన్లోకి ఎక్కించాడు. మనం మాత్రం దాన్ని లయన్ అంటున్నాం.

ఇంకొకటి చూడండి. పార చేప మనకి తెలిసిందే. రస్సెల్ ఒక రకాన్ని 'తోల్ పార' అని రాసుకున్నాడు. తరవాత ఫ్రెంచి పండితుడు క్యూవియే ఆ చేపకి పెట్టిన శాస్త్రీయ నామంలో 'టోల్' ఉండిపోయింది: స్కాంబరాయిడెస్ టోల్. ఈ రకం చేపల్ని ఇంగ్లీషు వాళ్ళు కూడా తోలు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. అందుకని ఆ టోల్ మన తోలేనని నా నమ్మకం.

ఇది గొప్పలు చెప్పుకోడానికి రాయడం లేదు. పేరు రాసిపెట్టిన చోట మాట నిలిచింది, రాయని చోట పోయింది. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మన జయపూర్ సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అప్పటి నుంచి నాలుగు తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా, ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు. ఏ మాటలు పోయాయో లెక్క తీస్తే మొదట పోయినవి పేర్లే. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, చేపల పేర్లు. వంజరం, చందువ, నెత్తళ్ళు, సావిడాయి, టేకు, సొర - వీటిలో మీ ఇంట్లో పదేళ్ళ పిల్లకి ఎన్ని తెలుసో అడిగి చూడండి.

పేరు తెలియకపోతే పరాయి జ్ఞానం కూడా తప్పుదారి పట్టిస్తుంది. లయన్ ఫిష్ అని నెట్లో వెతికితే వచ్చే వీడియోల్లో చాలావరకు దాన్ని బల్లెంతో పొడిచి చంపమనే చెబుతాయి. అవి ఫ్లోరిడా, కరీబియన్ వైపు తీసినవి. ఆ సముద్రాల్లో అది బయట నుంచి వచ్చి పడిన చేప, అక్కడి పిల్ల చేపల్ని తినేస్తోంది. మన బంగాళాఖాతంలో అది సొంత ఇంటి చేప. రెండొందల ఏళ్ళ కిందటే విశాఖలో దానికి పేరు ఉందంటే ఇంకేం రుజువు కావాలి? దాని ముళ్ళల్లో విషం ఉంది, కాబట్టి దూరంగా ఉండాలి. చంపాల్సిన పని లేదు.

ఇక ఫోటో విలువ సంగతి. 2022 ఫిబ్రవరిలో విశాఖకి దక్షిణాన తంతడి తీరంలో ఒక పెద్ద వేల్ షార్క్, అంటే తిమింగలమంత సొర, వలలో చిక్కి ఒడ్డుకి వచ్చింది. జాలరులు, అటవీ శాఖ వాళ్ళు కలిసి దాన్ని మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపారు. దాని ఫోటోలు మాల్దీవుల్లో ఈ సొరల మీద పనిచేసే బృందానికి అందజేశారు. ఎందుకంటే ఆ సొర ఒంటి మీద తెల్లచుక్కల వరస ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుంది, మన వేలిముద్రల్లాగ. ఆకాశంలో చుక్కల్ని పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు కట్టిన లెక్కనే ఈ చుక్కల్ని పోల్చడానికి 2005 నుంచి వాడుతున్నారు. ఎవరో సెలవు మీద వచ్చినవాడు సరదాకి తీసిన ఫోటో వల్ల, ఇక్కడ కనిపించిన సొర మూడేళ్ళ తరవాత ఇంకో దేశం నీళ్ళలో బతికే ఉందని తెలియొచ్చు. కాకపోతే ఆ ఫోటోకి తేదీ, చోటు ఉండాలి. అవి లేకపోతే అందం ఉంటుంది గానీ సాక్ష్యం ఉండదు.

ఇప్పుడు రెండో మాట. నీళ్ళలో ఎరుపు రంగు ముందుగా పోతుంది. ఐదు మీటర్లు దిగేసరికే చాలావరకు మాయం, పది మీటర్లకి దాదాపు ఏమీ మిగలదు. అందుకే అన్ని ఫోటోలూ నీలంగా, ఆకుపచ్చగా వస్తాయి. 1926లో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు ఫ్లోరిడా దగ్గర నీటి అడుగున మొదటి రంగుల ఫోటో తీసినప్పుడు, పైన తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి వెలుగు తెప్పించారు. ఇప్పుడు చిన్న ఫ్లాష్ చాలు. కానీ మన తీరంలో నీళ్ళు మట్టితో, నలుసులతో నిండి ఉంటాయి. దూరం నుంచి ఫ్లాష్ కొడితే చేపకి ముందు నలుసులే మెరుస్తాయి. కాబట్టి దగ్గరికి పోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది. దగ్గరికి పోయే తొందరలో రాయి పట్టుకుంటారు, కాలి రెక్కలతో పగడాన్ని తన్నుతారు, దాక్కున్న చేపని కర్రతో బయటికి లాగుతారు. కరీబియన్లో సెయింట్ లూసియా దీవి దగ్గర డైవర్లని వెనకాల ఉండి గమనించి 2004లో ఒక పరిశోధన రాశారు. మిగతావాళ్ళ కంటే కెమెరా ఉన్నవాళ్ళే ఎక్కువసార్లు పగడాలకి తగిలారని అందులో తేలింది. 2019లో చిన్న చేపల మీద వచ్చిన ఇంకో పరిశోధన ఫ్లాష్ వెలుగు కన్నా చేత్తో తాకడం, కదపడమే వాటిని ఎక్కువ బెదరగొడుతుందని చెప్పింది.

అందుకని దిగే పిల్లలకి నేను చెప్పేది ఇది. నీళ్ళలో తేలకుండా, మునగకుండా, ఏదీ పట్టుకోకుండా నిలబడడం ముందు నేర్చుకోండి. అది వచ్చేదాకా కెమెరా ఒడ్డునే ఉంచండి. పగడం ముక్క, సముద్రపు గుర్రం ఏదీ ఇంటికి తేవద్దు. 2001 నుంచి అవి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి. గాజు బీరువాలో పెట్టుకునే ముచ్చట జైలు దాకా తీసుకుపోతుంది.

"కొండల మీద ఉన్నవాళ్ళం, మనకెందుకు ఈ సముద్రం గోల" అనేవాళ్ళు ఉంటారు. మన ఏర్లు ఎక్కడికి పోతాయో ఒకసారి చూడండి. రాయగడ పక్కన పారే నాగావళి శ్రీకాకుళం దాటి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుణుపూర్ మీదుగా పోయే వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది. కోరాపుట్ కొలాబు కిందకి పోయి శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట సముద్రపు ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు నడుస్తుంది. గంగ, మహానదులతో పోలిస్తే మనవి చిన్న ఏర్లే. అయినా అవీ ఆ దారినే పోతాయి. మన కొండ మీద చెట్టు కొడితే జారిన మట్టి, సంత అయ్యాక ఏట్లో పారేసిన పాలిథిన్ సంచి, మన పిల్లల కెమెరా ముందే తేలొచ్చు. విశాఖ డైవర్లు అడుగున చిక్కుకున్న పాత వలలు, ప్లాస్టిక్ తీసి పైకి తెస్తున్నారు. వాళ్ళు అక్కడ తీసేది మనం ఇక్కడ వేయకుండా ఉంటే సగం పని తగ్గుతుంది.

ఇంకో అభ్యంతరం ఇంకా బలమైనది. "జాలరికి తరాలుగా తెలిసిన చేపని ఐటీ కుర్రాడు ఆదివారం పూట కనిపెట్టాడా?" అని. సరైన ప్రశ్నే. రస్సెల్ కూడా ఏమీ కనిపెట్టలేదు. జాలరులు పట్టింది చూశాడు, వాళ్ళు చెప్పింది రాశాడు. అయితే పుస్తకం అట్ట మీద ఆయన పేరే ఉంది, ఆ పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు లేవు. మన పిల్లలు అంతకంటే మెరుగ్గా చేయొచ్చు. జాలరి చేపని వలలో చూస్తాడు, డైవరు దాన్ని దాని ఇంట్లో చూస్తాడు. పైకి వచ్చాక ఆ ఫోటో పడవ నడిపిన బాబాయికి చూపించి, "దీన్ని మీరేమంటారండీ?" అని అడగాలి. చెప్పిన పేరు ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆయన ఒప్పుకుంటే, ఎవరు చెప్పారో కూడా రాయాలి.

ఆ రాసినది ఇంటి గ్రూపులో ఒక్కటే ఉంచితే చాలదు. ఐ నేచురలిస్ట్ లాంటి చోట పెడితే జాతిని గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు, శాస్త్రజ్ఞులకీ అందుతుంది. సముద్రపు గుర్రాల్లాంటి వాటికి మాత్రం కచ్చితమైన చోటు బయటపెట్టకండి, అది తెలుసుకుని పట్టుకుపోయేవాళ్ళు ఉన్నారు.

దిగలేని మనవాళ్ళకీ పని ఉంది. ఈసారి సంతలో ఎండు చేపలు కొనేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ఒక్కో కుప్పకీ పేరు అడగనివ్వండి. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, దేసియా మాటలో ఇంకొకటి చెబుతారు. మూడూ ఒక నోటుబుక్కులో రాయించండి. విశాఖ నుంచి ఫోటో వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు తీసి పోల్చి చూడండి. మనం ఉన్నది ఒడిశా కొండల్లో, వచ్చింది విశాఖ వైపు నుంచి. రెండు వైపుల పేర్లూ ఒకే పేజీలో రాయగలిగేది మనలాంటి ఇళ్ళవాళ్ళే.

ఇక పైన చెప్పిన కోడిపుంజు ఫోటో సంగతి. మీ గ్రూపులోకి అది వచ్చినప్పుడు దండం బొమ్మ పెట్టండి, తప్పులేదు. దాంతో పాటు ఒక ముక్క అడగండి: "ఏ రోజు, ఎక్కడ, ఎంత లోతున తీశావు నాన్నా?" జవాబు వచ్చాక దాని పక్కన తెలుగు పేరు మీరే రాయండి.