చర్మానికి అట్ట విలువ, మనిషికి పేరు లేదు

అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ 2024 మార్చిలో తన లైబ్రరీలోని ఒక ఫ్రెంచ్ పుస్తకం అట్ట తీసేసింది. ఆ అట్ట మనిషి చర్మం. 19వ శతాబ్దంలో లుడోవిక్ బూలాండ్ అనే ఫ్రెంచ్ డాక్టరు, ఆసుపత్రిలో చనిపోయిన ఒక మహిళ ఒంటి నుంచి ఎవరి అనుమతీ లేకుండా తీసిన చర్మం అది.

2014లోనే పరీక్షల్లో విషయం తేలింది. అప్పట్లో దాన్ని వింతగా, జోకుగా ప్రచారం చేశామని యూనివర్సిటీయే తర్వాత ఒప్పుకుంది. అట్ట తీయడానికి మాత్రం పదేళ్లు పట్టింది. డాక్టరు పేరు లోకానికి తెలుసు, ఆమె పేరు తెలియదు.

మన దాచేపల్లిలో మయ్యత్‌కు గుసుల్ ఇచ్చేటప్పుడు కూడా పరదా పాటిస్తాం. అదే మనం హైదరాబాద్ స్టేట్ మ్యూజియంకి వెళితే, నిజాం కాలంలో తెచ్చిన ఈజిప్ట్ మమ్మీని పిల్లలకు వింతగా చూపిస్తాం. అదీ ఒకరి మయ్యతే అని గుర్తు రాదు.

చదువు కోసం ఇష్టపడి శరీరం రాసిచ్చేవాళ్ల సంగతి వేరు. ఇక్కడ ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. నా అన్నవాళ్లు లేని మయ్యత్‌కు కఫన్, దఫన్ జమాత్ మొత్తం బాధ్యత. ఫర్జె కిఫాయా అంటే అదే కదా. ఒక్కరూ చేయకపోతే గునాహ్ అందరిదీ.