పాటలపెట్టెలో కవుల పేర్లు

బహ్రెయిన్‌లో మా ఇంటి సామానులో కొత్తగా కొన్నదానికంటే చేతులు మారి వచ్చిందే ఎక్కువ. మంచం ఓ ఫిలిప్పీన్స్ దంపతులది. ఫ్రిజ్, కాంట్రాక్టు ముగించుకుని కొచ్చి వెళ్లిపోయినాయనది. ఇక్కడ ఎవరూ శాశ్వతం కాదు కదా, వెళ్లేవాళ్లు అమ్ముతారు, వచ్చేవాళ్లు కొంటారు. మధ్యలో ఉన్నవాళ్లం శుక్రవారాలు ఈసా టౌన్ సంతలో తిరుగుతూ ఉంటాం.

ఈ ఐపాడ్ అక్కడే, రిమోట్లూ ఛార్జర్లూ కలిసిన కుప్పలో దొరికింది. 12 దినార్లు చెప్పి 8కి ఇచ్చాడు. 2005లో వచ్చిన మోడల్, 30 జీబీ. 2001లో మొట్టమొదటి ఐపాడ్ వచ్చినప్పుడు 5 జీబీయే ఉండేది, అదే మహా గొప్ప. 2022 మేలో ఐపాడ్‌ల కథే ముగిసింది. "ఫోనుండగా ఇదెందుకు?" అంది మా ఆవిడ. ఫోనులో పాట సగంలో ఉండగా ఆఫీసు మెయిలొస్తుంది. దీనికి సిమ్ లేదు, వైఫై లేదు, పాట తప్ప వేరే ధ్యాస లేదు.

మంచమూ ఫ్రిజ్జూ పాత యజమాని గురించి ఏమీ చెప్పవు. ఇది చెప్తుంది. ఏ పాట ఎన్నిసార్లు విన్నామో లెక్క రాసుకునే అలవాటు దీనికుంది. 'టాప్ 25 మోస్ట్ ప్లేడ్' తెరిచాను. దాదాపు అన్నీ మలయాళమే. మొదటి పాట 400 సార్లు దాటింది. నాకు మాట అర్థం కాలేదు గానీ జేసుదాస్ గొంతు గుర్తుపట్టాను.

వేరే కంప్యూటరుకి తగిలిస్తే ఐట్యూన్స్ అడిగేది ఒకటే: ఉన్నవన్నీ చెరిపేసి నీ పాటలు ఎక్కించనా అని. చెరపడానికి చెయ్యి రాలేదు. పాటలు ఇందులో ఒక దాచిన ఫోల్డరులో, ఎఫ్00, ఎఫ్01 అంటూ చిన్న చిన్న అరల్లో, నాలుగక్షరాల అర్థంలేని పేర్లతో ఉంటాయి. అసలు వివరాలు ఫైలు లోపల ట్యాగుల్లో ఉంటాయి కాబట్టి పోయేదేమీ లేదు. అన్నీ హార్డ్ డిస్కులోకి తీసిపెట్టుకున్నాను.

అప్పుడు చూశాను ఆ పెద్దమనిషి శ్రద్ధ. ప్రతి పాటకీ సినిమా, సంవత్సరం, గాయకులు. 'కంపోజర్' అన్న గడిలో పాట రాసిన కవి పేరు! వయలార్, పి. భాస్కరన్, ఓఎన్‌వీ. మెనూలో కంపోజర్స్ అన్న చోట నొక్కితే కవుల జాబితా వస్తుంది. ఎవరి మీద మనసైతే వాళ్ల పాటలన్నీ వరసగా వినొచ్చు.

మరి నా తెలుగు పాటలు? 'ట్రాక్ 01', 'అన్‌నోన్ ఆర్టిస్ట్'. సినిమా పేరుండాల్సిన చోట ఏదో డౌన్‌లోడ్ సైటు చిరునామా. కవి పేరు ఒక్కదానికీ లేదు. సాహిత్యం, సాహిత్యం అని ఇక్కడ ఇన్నేళ్లుగా రాస్తున్నవాడి దగ్గర ఇదీ పరిస్థితి!

రోజూ రాత్రి గంటసేపు కూర్చుని పేర్లు కొట్టడం మొదలుపెట్టాను. నా టైపింగు గురువులేని విద్య, నాలుగు వేళ్ల మీద నడుస్తుంది. 'మల్లీశ్వరి' (1951) సులువు, పాటలన్నీ కృష్ణశాస్త్రివే. చిక్కంతా నలుగురైదుగురు కలిసి రాసిన సినిమాలతో. టైటిల్స్‌లో పేర్లన్నీ ఒకే కార్డు మీద వేసేస్తారు, ఏ పాట ఎవరిదో తేలదు. 'మూగమనసులు' (1964) సంగతే చూడండి. ఆత్రేయ, దాశరథి, కొసరాజు ముగ్గురూ రాశారు. అందులో గోదారి గట్టు పాటని చాలామంది ఆత్రేయ ఖాతాలో వేసేస్తారు. రాసింది దాశరథి, ఓరుగల్లు వైపు చిన్నగూడూరులో పుట్టిన కవి.

ఈ సంగతి మా పక్క ఫ్లాటు అమలాపురం ఆయనకి చెబితే నమ్మలేదు. "తెలంగాణ కవి మా గోదారి మీదా?" అన్నాడు. అక్కడే ఉన్న మా వాచ్‌మన్‌ది జగిత్యాల. "గోదారి మా ధర్మపురి కాడికెల్లే మీ దిక్కుకొస్తది గద సార్" అన్నాడు. ఇంక అమలాపురం మాట్లాడలేదు. ముగ్గురం ఆ పాట ఇంకోసారి విన్నాం.

ఇప్పటికి 600 పైచిలుకు పాటలు అయ్యాయి. 90 పాటలకి ఆ గడి ఖాళీగానే ఉంచాను. ఊహించి పెట్టదలచుకోలేదు. ఒక కవి పాటకి ఇంకొకరి పేరు ఒకసారి తగిలిస్తే అదే పదిచోట్లకి పాకుతుంది, అసలాయన శాశ్వతంగా పోతాడు. వెనకటికి థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో ఏ పాట ఎవరిదో అచ్చువేసేవారు. మీ ఇంటి అటక మీద, అమ్మమ్మ పెట్టెలో అలాంటివి ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ముందు ఫోటోలు తీయండి. వచ్చేవారం నా 90 పాటల జాబితా ఇస్తాను, మీ పుస్తకంలో వాటిలో ఒక్కటి దొరికినా చాలు.

మలయాళం పాటలంటారా? వాటినీ ఆయన పెట్టుకున్న పేర్లతోనే మళ్లీ ఎక్కించాను. 30 జీబీలో ఇద్దరి పాటలకీ చోటుంది.