మూడు నిమిషాల వీడియో సరే, అడిగితే జవాబు చెప్పేదెవరు?

ఈ మధ్య మన నారాయణఖేడ్ పక్కన ఒక ఊరికి స్టార్టప్ కంపెనీ వాళ్లమని ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకే రంగు టీ షర్టులు, చేతిలో ట్యాబ్. చెట్టు కింద పదిహేను ఇరవై మందిమి కూడాం. ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో, హోటళ్లలో చేసేవాళ్లకు చిన్న చిన్న వీడియోలతో పని నేర్పే కంపెనీ అట వాళ్లది. ఒక్కో వీడియో మూడు నిమిషాలు. చూసినాక నాలుగు ప్రశ్నలు, సరిగ్గా నొక్కితే సర్టిఫికెట్. అదే పద్ధతిలో ఇక రైతులకు, మందు కొట్టే కూలీలకు కూడా నైపుణ్యం నేర్పుతామని చెప్పారు. పత్తిలో పిచికారీ మీద ఒకటి వేసి చూపించారు. బొమ్మ బాగుంది, మాట స్పష్టంగా ఉంది. అయిపోయినాక తండా నుంచి వచ్చిన ఒక అక్క లేచి, "అంతా మంచిగనే ఉంది బిడ్డా, మా చేన్ల ఆకులు ఎర్రవడి ముడుసుకుంటున్నయి, దానికేం చెయ్యాలె?" అని అడిగింది. ఆ పిల్లగాడు మంచోడే. కాసేపు ట్యాబ్‌లో వెతికి, "అది ఇందులో లేదమ్మా" అన్నాడు.

మేము వీడియోలకు వ్యతిరేకం కాదు. దూరదర్శన్‌లో కృషి దర్శన్ 1967లోనే మొదలైంది. 1975-76లో ఇస్రో వాళ్లు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు పంపితే అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలు ఫోన్ చూసే స్టార్టర్ డబ్బా బాగు చేస్తున్నారు, డ్రిప్ పైపు అతుకుతున్నారు. నేర్చుకునేవాడికి ఫోన్ పనికొస్తుంది, అందులో వాదం లేదు. ఆ వీడియో ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, చూసినవాడికి సందేహం వస్తే ఎవరు నిలబడి జవాబు చెబుతారు, మా తకరారంతా అక్కడే.

బాగా నడిచిన ఒక ఉదాహరణ ఉంది. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో రికిన్ గాంధీ, ఆయన తోటివాళ్లు డిజిటల్ గ్రీన్ అనే పని మొదలుపెట్టారు. పెద్ద స్టూడియో లేదు. ఆ ప్రాంతం రైతునే నిలబెట్టి, ఆయన చేన్లోనే, ఆయన భాషలోనే చిన్న వీడియో తీశారు. ఊళ్లో పదిమందిని కూర్చోబెట్టి చూపించారు. చూపించే మనిషి కూడా ఆ ఊరివాడే. నడుమ నడుమ వీడియో ఆపుతాడు, ఏం అర్థమైందని అడుగుతాడు, ఎవరు చేన్లో అమలు చేశారో రాసుకుంటాడు, తర్వాత చేనుకు పోయి చూస్తాడు. కర్ణాటకలో 16 ఊళ్లలో పరీక్ష పెట్టి లెక్క తీస్తే, ఒక రైతు ఒక పద్ధతిని అమలు చేయడానికి అయ్యే ఖర్చులో పాత శిక్షణ కంటే ఇది పదింతలు మేలని తేలింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం కోసం మహిళా సంఘాల్లో చేతిలో పట్టే చిన్న ప్రొజెక్టర్లతో ఇట్లాంటి వీడియోలే చూపించారు. ఈ కథ చెప్పేటప్పుడు కంపెనీలు వీడియో ముచ్చట చెబుతాయి, ఆపి అడిగే మనిషి ముచ్చట మరిచిపోతాయి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి కదా.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తున్నది. 2023 మార్చిలో చనిపోయిన పి.వి. సతీష్ గారు దానికి పెద్ద దిక్కు. అక్కడి సంఘాల దళిత మహిళలు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు వినండి. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింది నుంచి పైకి చూస్తే బానిస షాట్. ఎదురెదురుగా, కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పుతారు ఈ పాఠం? 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినాక ఆ అక్కలే వరంగల్ చేన్లకు మళ్లీ మళ్లీ పోయి, మూడు సీజన్లు రైతుల మాట రికార్డు చేసి సినిమాలు తీశారు. అప్పుడు విత్తన కంపెనీల ప్రకటనలు టీవీల నిండా ఉన్నాయి. రైతు నష్టం చూపిన కెమెరాల్లో వీళ్లది ముందుంది. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టిందీ వాళ్లే.

బీటీ ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకోటి. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఒకటి వచ్చేది, గుర్తుందా? మనలో ఎంతమందిమి దాన్ని చేను చుట్టూ వేశాం? చాలామందిమి గట్టు మీద పారేశాం. బీటీకి తట్టుకునే పురుగు ఒకటీ అరా బతికితే, అది పక్కన మామూలు మొక్కల మీద పెరిగిన పురుగుతో కలవాలి, అప్పుడు ఆ తట్టుకునే గుణం తొందరగా పాకదు, అందుకని ఇచ్చిన విత్తనం అది. ఈ మాట ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. మూడు నిమిషాల వీడియో నిజంగా కావలసింది అప్పుడు. మా ఊళ్లకు ఎవరూ తేలేదు, ఎందుకంటే ఆ పొట్లం గురించి చెబితే అదనంగా అమ్ముడయ్యేది ఏమీ లేదు. ఇప్పుడు గులాబీ రంగు పురుగు కాయలో తిరుగుతుంటే, మందు మీద మందు కొట్టే వీడియోలకు కొదవ లేదు.

నైపుణ్యం అనే మాట దగ్గర మాకు ఇంకో భయం ఉంది. నాందేడ్ దాటి పోతే యవత్మాల్. 2017లో అక్కడ పత్తి చేన్లలో మందు కొట్టి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల్లో పడ్డారు. అప్పుడు ఎక్కువగా వినిపించిన మాట ఏమిటి? మాస్కు కట్టుకోలేదు, గ్లౌజులు వేసుకోలేదు, జాగ్రత్తలు తెలియవు అని. ఎండలో, మనిషెత్తు పత్తిలో ఆ కిట్టు వేసుకుని గంటసేపు తిరిగి చూడమనండి. ఏ మందును దేనితో కలపమని దుకాణంలో చెప్పారు, అంత విషాన్ని అమ్మడానికి అనుమతి ఎవరిచ్చారు, ఈ ప్రశ్నలు వెనక్కి పోయాయి. రేపు కూలీ చేతిలో 'పిచికారీ శిక్షణ పొందినాడు' అనే సర్టిఫికెట్ ఉంటే, వాడు పడిపోయిన రోజు ఆ కాగితం వాడి మీదికే సాక్ష్యంగా వస్తుంది. నేర్పినం, వినలేదు అంటారు.

ఇక సర్కారు సంగతి. 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్, ఒక ఏఈవో, ఒక రైతు వేదిక అన్నారు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. 2024 మార్చిలో రైతు నేస్తం పేరుతో మొదట 110 వేదికల్లో వీడియో కాన్ఫరెన్సు పెట్టారు, మంగళవారం నాడు శాస్త్రవేత్తలు మాట్లాడతారు. మంచి పనే. పోండి, కూర్చోండి, అడగండి. కాని తెర మీది శాస్త్రవేత్త చేనుకు రాడు, రావాల్సింది ఏఈవో. ఆ ఏఈవో చేతిలో కూడా ఫోనే పెట్టారు. రైతుబీమా, పంట నమోదు, సర్వేలు, ఫొటోలు. డిజిటల్ పంటల సర్వే భారం మోయలేమని వాళ్లు ఎదురు తిరిగితే 2024 అక్టోబర్‌లో వంద మందికి పైగా సస్పెండ్ చేశారు. ఒక మనిషి 5,000 ఎకరాలు తిరిగి మన ఆకు పట్టి చూడాలంటే ఏ పూట చూస్తాడు? ఆయన మీద మనం కోపం తీసుకోవడం దండగ.

భాష గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మన ఖేడ్‌లో తెలుగు ఉంది, కన్నడ ఉంది, మరాఠీ ఉంది, తండాల్లో లంబాడీ ఉంది. ఆ రోజు చూసిన వీడియోలో 'సస్యరక్షణ', 'సిఫారసు మోతాదు' అన్నారు. తండా అక్కకు పక్కనున్న పిల్ల లంబాడీలో తిప్పి చెప్పింది. ఆ పిల్లకు సర్టిఫికెట్ ఎవరిస్తారో మరి.

అందుకే మన సంఘం తరఫున ఈ మాటలు పెడుతున్నాం. ఏ కంపెనీ శిక్షణ పేరుతో వచ్చినా ముందు పైసలు కట్టకండి, ఫోన్ నంబరు, పట్టా పాసుబుక్ వివరాలు ఇవ్వకండి. ఆ వీడియోకు ఏ విత్తన కంపెనీ, ఏ మందుల కంపెనీ డబ్బు పెట్టిందో అడగండి. ఖాళీగా ఉన్న ఏఈవో పోస్టులు నింపాలని, సర్వే పనులకు వేరే మనుషులను పెట్టాలని కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇవ్వబోతున్నాం, సంతకాలు కావాలి. రైతు నేస్తంలో మన ప్రశ్నలకు సగం సమయం ఇవ్వాలని, లంబాడీ, కన్నడలో చెప్పేవాళ్లు పక్కన ఉండాలని అందులో రాస్తున్నాం. మన ఊళ్ల పిల్లల్లో వీడియో తీయగలిగినవాళ్లు ఉంటే పేర్లు ఇవ్వండి. కంది విత్తనం ఇంట్లో పురుగు పట్టకుండా దాచే తీరు తెలిసిన అవ్వలు తండాల్లో ఉన్నారు, మొదట వాళ్ల దగ్గరికి పోదాం.

వచ్చే మంగళవారం రైతు వేదికకు వచ్చేవాళ్లు వట్టి చేతులతో రావద్దు. తెగులు పట్టిన ఆకు, పురుగు ఉన్న కాయ, కొట్టిన మందు డబ్బా ఒక కవర్‌లో పెట్టుకుని తీసుకురండి.