చూసే గురువా, వినే గురువా?

గురునానక్ ఎలా ఉండేవారు అని అడిగితే మనలో చాలామందికి ఒకే ముఖం గుర్తొస్తుంది. తెల్లటి గడ్డం, సగం మూసిన కళ్ళు, దీవిస్తున్నట్టు ఎత్తిన చెయ్యి. ధాబా గోడ మీద, లారీ క్యాబిన్‌లో, జయంతి రోజు వాట్సాప్ స్టేటస్‌లో అదే బొమ్మ. కానీ నానక్ (1469–1539) బతికున్న రోజుల్లో గీసిన చిత్రం ఒక్కటి కూడా మనకు దొరకలేదు. మనకు తెలిసిన ఈ ముఖం చాలావరకు శోభా సింగ్ అనే చిత్రకారుడి ఊహ. 1901లో పంజాబ్‌లో పుట్టి, తర్వాత హిమాచల్‌లోని అంద్రెట్టా అనే ఊళ్ళో స్థిరపడ్డారాయన. 1969లో నానక్ ఐదు వందల జయంతి వచ్చినప్పుడు ఆయన వేసిన చిత్రం ప్రింట్ల రూపంలో ఇంటింటికీ వెళ్ళిపోయింది.

ఇలాంటిది మనకు కొత్తేం కాదు. 1957లో మాయాబజార్ వచ్చాక ఎంతోమంది తెలుగువాళ్ళకి కృష్ణుడంటే ఎన్టీఆర్ ముఖమే. అయితే హిందూ గుళ్ళో విగ్రహం ఎలాగూ ఉంటుంది కాబట్టి దాంతో పెద్ద ఇబ్బంది రాలేదు. సిక్కు మతం సంగతి వేరు. దేవుడికి రూపం లేదన్నదే అక్కడ పునాది. 1945లో ఆమోదించిన సిక్ రహత్ మర్యాద ప్రకారం గురుద్వారాలో విగ్రహ పూజ చేయకూడదు. మరి ఇన్ని బొమ్మలు ఎక్కడివి? ఇది రెండు నాలుకల ధోరణి కాదా అని మన ఫ్రెండ్స్‌లో కొందరు అడుగుతుంటారు.

కాదనే నేనంటాను. సిక్కు భక్తిలో బొమ్మకి చోటుంది, కానీ ఆ చోటు గోడ మీద. మధ్యలో కూర్చునేది మాత్రం మాట. ఈ ఏర్పాటు ఎందుకో అర్థం చేసుకోవడం, ఏఐతో బొమ్మలు చేసే మనలాంటి వాళ్ళకి ఇప్పుడు చాలా అవసరం.

హైదరాబాద్‌లో అమీర్‌పేట గురుద్వారాకో, అఫ్జల్‌గంజ్ గురుద్వారాకో వెళ్తే గమనించండి. అందరూ తల వంచేది గురు గ్రంథ్ సాహిబ్ ముందు. 1708లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత మనిషి గురువు ఉండడని, ఇక గ్రంథమే గురువని చెప్పింది నాందేడ్‌లో. అది మనకి దూరమేం కాదు, నాందేడ్ దాటిన గోదావరే మన బాసరకి వస్తుంది.

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వస్తుంది. గ్రంథానికి పట్టుబట్టలు కప్పుతారు, వింజామర వీస్తారు, రాత్రి పూట పడుకోబెడతారు. మరి ఇది విగ్రహ పూజలాంటిదే కదా? పైకి చూస్తే అలాగే ఉంటుంది. కానీ ఆ మర్యాదలన్నీ అయ్యాక దాన్ని తెరిచి చదవాల్సిందే. రోజూ ఒక పేజీ తెరిచి, ఆ రోజుకి వచ్చిన హుకమ్‌నామా అందరికీ వినిపిస్తారు. మొత్తం 1430 పేజీలు, ఎక్కువ భాగం రాగాల్లో పాడుకునేది. బొమ్మని ఒకసారి చూసి దండం పెట్టి వెళ్ళిపోవచ్చు. పుస్తకంతో అలా కుదరదు, అది మనకేదో చెప్తుంది, కొన్నిసార్లు మనకి నచ్చనిది కూడా. గురువు రూపం ఆయన శబ్దమే అని భాయీ గురుదాస్ రాసింది కూడా ఇందుకే అనుకుంటా.

అలా అని సిక్కులు బొమ్మల్ని అసహ్యించుకోలేదు. నానక్ జీవిత కథల్ని జనంసాఖీలు అంటారు. 1733 నాటి బీ-40 జనంసాఖీలో 57 చిత్రాలున్నాయి, అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అమృత్‌సర్‌లో తొమ్మిది అంతస్తుల బాబా అటల్ గోపురం లోపల గోడల మీద కూడా నానక్ కథలే. ఈ పాత చిత్రాల్లో నానక్ ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతుంటారు. ఎదురుగా యోగులో, ఫకీర్లో ఉంటారు. పక్కన మర్దానా రబాబ్ వాయిస్తుంటాడు. వాటిని చూస్తే తర్వాత ఏమైంది అని కథ అడగాలనిపిస్తుంది. క్యాలెండర్ బొమ్మలో ఆ మనుషులందరూ పోయారు. నానక్ ఒక్కరే ఉండి మనల్ని దీవిస్తున్నారు. కథ పోయి దర్శనం మిగిలింది. సిక్కుల్లోనే చాలామందికి ఈ బొమ్మల మీద అభ్యంతరం ఉంది. 1905లో స్వర్ణ దేవాలయం ప్రదక్షిణ దారిలో ఉన్న విగ్రహాల్ని తీసేయించిన సమాజం అది.

ఇప్పుడు మన బ్రాంచ్ విషయానికొద్దాం. 2018లో ‘నానక్ షా ఫకీర్’ సినిమా మీద పెద్ద గొడవైంది. గురువు పాత్రని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చూపించామని చెప్పినా అకాల్ తఖ్త్ ఒప్పుకోలేదు, నిర్మాతని మతం నుంచి వెలివేసింది. 2025 మేలో ధ్రువ్ రాఠీ తన యూట్యూబ్ వీడియోలో గురువుల్ని ఏఐ బొమ్మలతో చూపిస్తే వ్యతిరేకత వచ్చింది, ఆయన ఆ వీడియోని తీసేశారు. వెలి వేయడం నాకు నచ్చలేదు. కానీ ఆ భయంలో న్యాయముంది.

ఎందుకంటే గోడ మీద బొమ్మ మాట్లాడదు. ఏఐ బొమ్మ మాట్లాడుతుంది. గురువు నోట్లో ఏ మాటైనా పెట్టొచ్చు, అదీ రెండు నిమిషాల్లో. సిక్కులు ఈ సమస్యని నాలుగు వందల ఏళ్ళ కిందటే చూశారు. నానక్ పేరు మీద వేరేవాళ్ళు పద్యాలు రాసి తిప్పుతున్నారని, అసలువేవో తేల్చడానికే గురు అర్జన్ 1604లో ఆది గ్రంథాన్ని కూర్చారని సంప్రదాయం చెప్తుంది. భాయీ గురుదాస్ చేత దగ్గరుండి రాయించారు. మన భాషలో చెప్పాలంటే అది వాళ్ళ అఫీషియల్ వెర్షన్. అంత జాగ్రత్తగా కాపాడుకున్న మాట పక్కన, నానక్ ముఖంతో నానక్ అనని మాటలు చెప్పే వీడియో వస్తే వాళ్ళకి ఎలా ఉంటుంది?

ఇంకోటి కూడా ఉంది. ఇమేజ్ మోడల్ ట్రైనింగ్ డేటాలో ఏది ఎక్కువుంటే అటే మొగ్గుతుందని మనకి తెలుసు. నానక్ అని ప్రాంప్ట్ ఇస్తే ఆ క్యాలెండర్ ముఖానికి దగ్గరగానే ఇస్తుంది. ఆ కొత్త బొమ్మలు మళ్ళీ నెట్‌లోకి, అక్కణ్ణుంచి మళ్ళీ డేటాలోకి వెళ్తాయి. ఒక చిత్రకారుడి ఊహ అలా చరిత్ర అయిపోతుంది.

భావప్రకటన స్వేచ్ఛ సంగతేంటి అంటారా? చట్టం అడ్డుకోవాలని నేననట్లేదు. చేయగలిగిన ప్రతిదీ చేయక్కర్లేదు అంటున్నాను, అంతే. కార్తీక పౌర్ణమికి మనం దీపాలు పెట్టుకునే రోజే గురునానక్ జయంతి. ఈసారి మన కాలేజీలో ఎవరైనా పోస్టర్ చేస్తే, ముఖం జనరేట్ చేయకుండా మర్దానా రబాబ్‌ని గీయండి. కింద కీర్తన్ ఆడియోకి ఒక క్యూఆర్ కోడ్ పెట్టండి. స్కాన్ చేసినవాళ్ళు రెండు నిమిషాలైనా వింటారు.